పాత ఈగిల్ ఫైళ్ళు ఉన్నాయి, బోర్డు ఇంట్లోనే చేసుకోవాలి: ఏ ఫార్మాట్‌లోకి మార్చాలి?

తెనాలి_వైండింగ్ | సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది తెనాలిలో మోటార్ వైండింగ్ షాపు. బోరు మోటార్ల ఆటో స్టార్టర్లు కూడా చూస్తాం. సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ (ఒక ఫేజు పోతే మోటారు ఆపేది), టైమర్ రెండూ కలిసిన కంట్రోల్ బోర్డు ఒకటి మా దగ్గరే తయారయ్యేది. 89సీ51 ఐసీ (40 పిన్నుల మైక్రోకంట్రోలర్), ఒక ఎల్ఎం324 ఆప్-యాంప్ ఐసీ, మూడు రిలేలు. అది ఈగిల్ అనే బోర్డు డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో చేసినాయన దుబాయ్ వెళ్ళిపోతూ ఒక సీడీ ఇచ్చాడు. ఇన్నాళ్ళూ దాని అవసరం పడలేదు. ఇప్పుడు ఉన్న ఖాళీ బోర్డులు అయిపోయాయి, రైతులు మాత్రం ఆగరు కదా.

సీడీలో ఒకే పేరుతో ఈ ఫైళ్ళు ఉన్నాయి: బీఆర్‌డీ, ఎస్‌సీహెచ్, సోల్, పీఎల్‌సీ, డబ్ల్యూహెచ్‌ఎల్, డీఆర్‌డీ, డీఆర్‌ఎల్. బోర్డు ఒకవైపు రాగి మాత్రమే, సైజు 95 బై 70 మిల్లీమీటర్లు.

కీక్యాడ్‌లో (ఇదీ బోర్డు డిజైన్ సాఫ్ట్‌వేరే, ఉచితం) బీఆర్‌డీ ఇంపోర్ట్ చేస్తే చదవలేనంటోంది. బోర్డు పొరల ఫైళ్ళు చూపించే జర్బ్‌వీలో సోల్ ఫైలు తెరిస్తే ఎర్రర్లు గుమ్మరించి ఖాళీ తెర చూపిస్తోంది. ఆన్‌లైన్ కన్వర్టర్లలో వేస్తే తెల్ల పేజీ పీడీఎఫ్ వస్తోంది. నాకు కావలసింది టోనర్ ట్రాన్స్‌ఫర్ (లేజర్ ప్రింటును ఇస్త్రీ పెట్టెతో రాగి మీదకి ఎక్కించి, మిగతా రాగిని ఎచ్చింగ్‌లో కరిగించడం) చేయడానికి ఒక ప్రింటు. లేదంటే మా స్నేహితుడి దగ్గర 3018 సీఎన్‌సీ (చిన్న చెక్కుడు యంత్రం) ఉంది, దాన్ని నడిపే జీ-కోడ్ అయినా సరే. ఏ కన్వర్టర్ వాడాలో చెప్పగలరు.

రాగిరేకు | సోమవారం రాత్రి 9:40

కన్వర్టర్ మాట కాసేపు పక్కన పెట్టండి. ముందు ఆ ఫైళ్ళు ఏమిటో తేల్చుకోవాలి.

ఈగిల్ పాత పద్ధతిలో సోల్ అంటే సోల్డర్ సైడ్, అంటే మీ కింది రాగి. పీఎల్‌సీ అంటే పైన ప్రింటయ్యే అక్షరాలు, భాగాల గీతలు. డీఆర్‌డీ అంటే రంధ్రాల ఫైలు. ఎస్‌సీహెచ్ స్కీమాటిక్, అంటే సర్క్యూట్ డ్రాయింగ్, బీఆర్‌డీ అసలు బోర్డు డిజైన్. సోల్, పీఎల్‌సీ రెండూ జర్బర్ (బోర్డు పొరల బొమ్మ చెప్పే ఫార్మాట్) ఫైళ్ళే, ఎక్స్‌టెన్షన్ చూసి కంగారు పడక్కర్లేదు.

రెండు పనులు చేయండి. బీఆర్‌డీని నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి లైను ఏముందో చెప్పండి. తర్వాత సోల్ ఫైలును కూడా నోట్‌ప్యాడ్‌లోనే తెరిచి మొదటి పది లైన్లు ఇక్కడ రాయండి. జర్బర్ అంటే మామూలు టెక్స్ట్ ఫైలు, చదవడానికి భయం అక్కర్లేదు.

ఇంకో ప్రశ్న: బోర్డులో ఏమైనా మార్చాలా, ఉన్నది ఉన్నట్టు కావాలా? దారి ఎటు అనేది ఈ జవాబును బట్టే ఉంటుంది.

కోఠి_గల్లీ | సోమవారం రాత్రి 10:05

అన్నా, ఇంత తిప్పలెందుకు? సింగిల్ సైడ్ బోర్డు, పాతది చేతిలో ఉంటే స్కాన్ కొట్టి కీక్యాడ్‌లో మళ్ళీ గీసుకోవచ్చు. రెండు రాత్రుల పని. ఫ్యాబ్‌కి (బోర్డులు తయారుచేసే ఫ్యాక్టరీకి) ఇస్తే గ్రీన్ మాస్క్‌తో, అంటే ఆకుపచ్చ పూతతో, చక్కగా వస్తాయి కూడా. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో గీసి ఇచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

తెనాలి_వైండింగ్ | మంగళవారం ఉదయం 7:30

కోఠి అన్నా, ఫ్యాబ్‌కి తర్వాత ఇస్తాను, కాదనను. ఈ వారం మటుకు ఒకటో రెండో బోర్డులు చేతికి రావాలి.

రాగిరేకు గారూ, బీఆర్‌డీ తెరిస్తే పిచ్చి గుర్తులు, చదవడానికి ఏమీ లేదు. సోల్ ఫైల్లో పర్సెంట్ గుర్తు ఉన్న లైను ఒక్కటీ లేదు. ఇలా ఉంది (అక్షరాలు తెలుగులో రాస్తున్నా):

జీ01*
జీ54డీ110*
ఎక్స్2500వై1000డీ02*
ఎక్స్2500వై4750డీ01*

ఇలా పేజీలకు పేజీలు. డబ్ల్యూహెచ్‌ఎల్ ఫైల్లో మాత్రం పట్టికలా ఉంది. డీ010 రౌండ్ 0.050, డీ040 స్క్వేర్ 0.060, డీ110 డ్రా 0.024, మధ్యలో ఆక్టగన్ అని కూడా ఒకటి. మార్పులేమీ అక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు వస్తే చాలు.

పిన్_ఒకటి | మంగళవారం ఉదయం 8:15

దొరికింది. మీది ఆర్ఎస్-274డీ, అంటే పాత రకం జర్బర్. మీ ఫైల్లో లోపం లేదు, సగం సమాచారం డబ్ల్యూహెచ్‌ఎల్‌లో ఉండిపోయింది, అంతే.

సంగతి ఇదీ. జర్బర్ పుట్టింది ఫొటోప్లాటర్ల కోసం. ఆ యంత్రంలో ఒక చక్రం, దాని చుట్టూ రకరకాల సైజుల కన్నాలు. వాటినే అపర్చర్లు అంటారు. ఆ కన్నంలోంచి ఫిల్ము మీద వెలుగు పడుతుంది. "డీ10 పెట్టు, ఇక్కడికి వెళ్ళు, వెలుగు వెయ్యి, అక్కడిదాకా లాగు" అని ఫైలు చెబుతుంది. డీ02 అంటే వెలుగు లేకుండా కదలడం, డీ01 అంటే గీస్తూ కదలడం, డీ03 అంటే ఉన్నచోటే ఒక్కసారి వెలుగు కొట్టడం, అంటే ప్యాడ్. ఏ కన్నం ఎంత సైజు అనేది ఆపరేటర్ చేతిలోని కాగితం మీద ఉండేది. మీ డబ్ల్యూహెచ్‌ఎల్ ఆ కాగితమే, వీల్ అన్నమాట. ఆర్ఎస్-274ఎక్స్ వచ్చాక ఆ పట్టిక కూడా జర్బర్ ఫైల్లోనే చేరింది. ఇప్పుడు ఈ ఫార్మాట్‌ను చూసుకునే బెల్జియం కంపెనీ యూకామ్కో పాత రకాన్ని వాడొద్దనే చెబుతోంది. కొత్త సాఫ్ట్‌వేర్లు చాలావరకు దాన్ని అర్థం చేసుకోవు. అందుకే మీకు తెల్ల పేజీ.

కన్వర్టర్ అక్కర్లేదు, నోట్‌ప్యాడ్ చాలు. సోల్ ఫైలుకి కాపీ తీసి, పైన ఈ లైన్లు చేర్చండి. ఇక్కడ తెలుగులో రాస్తున్నా, ఫైల్లో ఇంగ్లిష్ పెద్ద అక్షరాలే కొట్టండి:

%ఎఫ్ఎస్ఎల్ఏఎక్స్24వై24*%
%ఎంఓఐఎన్*%
%ఏడీడీ10సీ,0.050*%
%ఏడీడీ40ఆర్,0.060ఎక్స్0.060*%
%ఏడీడీ110సీ,0.024*%

మొదటి లైను అంకెల లెక్క చెబుతుంది: దశాంశానికి ముందు రెండు అంకెలు, తర్వాత నాలుగు. రెండోది ఇంచీలు అని. మిగతావి మీ చక్రంలోని కన్నాలు. సీ అంటే వృత్తం, ఆర్ అంటే దీర్ఘచతురస్రం, ఓ అంటే రెండు చివర్లా గుండ్రంగా ఉండే ప్యాడ్, పీ అంటే బహుభుజి. డబ్ల్యూహెచ్‌ఎల్‌లో "డ్రా" అని ఉన్నవన్నీ వృత్తాలే, ట్రాకులు గీసే కలాలు. పట్టికలో ఉన్న ప్రతి డీ నంబరుకీ ఒక లైను రాయాలి. నిజానికి సోల్ ఫైల్లో వాడినవి రాస్తే చాలు. జీ54 కోసం వెతికితే అవేవో తెలుస్తాయి. ఫైలు చివర ఎం02* ఉందో లేదో కూడా చూసుకోండి.

ఆక్టగన్ దగ్గర చిన్న మెలిక ఉంది. ఈగిల్ ఇచ్చే సైజు ఎదురెదురు భుజాల మధ్య దూరం. జర్బర్‌లో పీ అడిగేది మూలల గుండా పోయే వృత్తం వ్యాసం. అందుకని 1.08239తో గుణించి, 22.5 డిగ్రీలు తిప్పాలి. 0.070 అని ఉంటే: %ఏడీడీ12పీ,0.0758ఎక్స్8ఎక్స్22.5*%

రాగిరేకు | మంగళవారం ఉదయం 8:50

పై పోస్టుకి ఒక్క చేర్పు. 24 అని గుడ్డిగా నమ్మొద్దు. పాత ఈగిల్‌లో 2.3 లెక్కన (దశాంశం తర్వాత మూడే అంకెలు) బయటికి వచ్చిన ఫైళ్ళు కూడా ఉంటాయి. తేల్చుకోవడం తేలిక. బోర్డు వెడల్పు 95 మిల్లీమీటర్లు, అంటే 3.74 ఇంచీలు. ఫైల్లో అన్నిటికంటే పెద్ద ఎక్స్ విలువ ఎంతో చూడండి. 37 వేల దరిదాపుల్లో ఉంటే 2.4. మూడు వేల ఏడొందల దగ్గర ఆగిపోతే 2.3.

మీరు రాసిన లైన్లలో 2500, 4750 ఉన్నాయి. 2.3 లెక్కన 4750 అంటే 4.75 ఇంచీలు, బోర్డు దాటిపోతుంది, కాబట్టి 2.4 అనే అనిపిస్తోంది. అయినా పెద్ద ఎక్స్ చూసి ఖాయం చేసుకోండి.

తెనాలి_వైండింగ్ | మంగళవారం మధ్యాహ్నం 2:20

పెద్ద ఎక్స్ 36900. అంటే 2.4 అన్నమాట. పిన్_ఒకటి గారు చెప్పినట్టు లైన్లు చేర్చి జర్బ్‌వీలో తెరిచాను. బోర్డు కనబడింది!! ట్రాకులు, ప్యాడ్లు, ఆయన పేరుతో సహా. పేరు మాత్రం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది.

కానీ డీఆర్‌ఎల్ ఫైలు తెరిస్తే రంధ్రాలు రావడం లేదు. డీఆర్‌డీ తెరిస్తే చుక్కలన్నీ ఎడమ పక్క కింది మూలలో గుంపుగా పడుతున్నాయి.

పిన్_ఒకటి | మంగళవారం సాయంత్రం 6:05

పేరు తిరగబడటం సరైనదే. కింది పొరను పైనుంచి, బోర్డు గుండా చూస్తున్నారు కదా. దాని గురించి రాగిరేకు గారు చెబుతారు, నేను రంధ్రాల సంగతి చూస్తాను.

కీక్యాడ్ వాడేవాళ్ళకి డీఆర్‌ఎల్ అంటే రంధ్రాల ఫైలు. పాత ఈగిల్‌లో అలా కాదు, డీఆర్‌ఎల్ అంటే డ్రిల్ బిట్ల పట్టిక మాత్రమే: టీ01 ఇంత సైజు, టీ02 ఇంత సైజు. రంధ్రాల స్థానాలు డీఆర్‌డీలో ఉంటాయి. ఇక్కడ కూడా జర్బర్ కథే, సమాచారం రెండు ముక్కలైంది. డీఆర్‌డీ కాపీ తీసి పైన ఇలా చేర్చండి:

ఎం48
ఇంచ్,టీజెడ్
టీ01సీ0.032
టీ02సీ0.040
%

మీ డీఆర్‌ఎల్‌లో ఉన్న అసలు సైజులు రాయండి, నావి ఉదాహరణకి. డీఆర్‌డీలో అప్పటికే మొదట్లో ఎం48గానీ పర్సెంట్ గుర్తుగానీ ఉంటే రెండోసారి పెట్టకండి.

చుక్కలు మూలకి చేరడం అంకెల గోలే. రంధ్రాల ఫైళ్ళ ఫార్మాట్ పేరు ఎక్సెలాన్. ఇలాంటి పాత ఎక్సెలాన్ ఫైల్లో దశాంశ చుక్క ఉండదు, చదివే ప్రోగ్రాం ఊహించుకోవాలి. 12500 అంటే 2.4 ఇంచీల లెక్కన 1.25 ఇంచీలు, 31.75 మిల్లీమీటర్లు. దాన్నే మెట్రిక్ 3.3 అనుకుంటే 12.5 మిల్లీమీటర్లు అయిపోతుంది. జర్బ్‌వీలో ఆ లేయర్ మీద రైట్ క్లిక్ చేసి ఫైల్ ఫార్మాట్ సవరించే చోట ఆటో డిటెక్ట్ తీసేయండి, ఇంచీలు, నాలుగు దశాంశాలు అని మీరే చెప్పండి.

ఇక సున్నాల దగ్గర మనుషులు పిచ్చెక్కిపోతారు. జర్బర్‌లో ఎల్ అంటే ముందు సున్నాలు *తీసేశాం* అని. ఎక్సెలాన్‌లో ఎల్‌జెడ్ అంటే ముందు సున్నాలు *ఉంచాం* అని. ఒకే అక్షరం, తలకిందుల అర్థం. ఈగిల్ ముందు సున్నాలు తీసేస్తుంది కాబట్టి మీకు టీజెడ్, అంటే వెనక సున్నాలు ఉంచాం అని. ఈ రెండు ఫార్మాట్లూ ఒకే ఇంటివి కావు, అందుకే ఈ బాధ.

వీ_బిట్ | మంగళవారం రాత్రి 8:30

సోల్ ఫైలు తెరుచుకుందిగా, ఇంక టోనర్, ఇస్త్రీ పెట్టె, ఫెర్రిక్ క్లోరైడ్ మరకలు ఎందుకండీ? 3018 ఉందన్నారు. ఫ్లాట్‌క్యామ్‌లో (జర్బర్ నుంచి జీ-కోడ్ చేసే సాఫ్ట్‌వేర్) జర్బర్ తెరవండి, ఐసొలేషన్ రూటింగ్ (ట్రాకుల చుట్టూ రాగి చెక్కడం) జీ-కోడ్ తీయండి, డ్రిల్లింగ్ కూడా అదే మెషీన్ మీద అయిపోతుంది. విశాఖలో నేను చేసేదంతా ఇలాగే.

కొన్ని గుర్తులు. వీ-బిట్ (కోసుమొన బిట్) వెడల్పు అని ఫ్లాట్‌క్యామ్ అడిగినప్పుడు మొన సైజు ఒక్కటే రాయకూడదు, లోతు పెరిగే కొద్దీ గాటు వెడల్పవుతుంది. 30 డిగ్రీల బిట్, మొన 0.1 మిల్లీమీటర్లు, లోతు 0.1 అనుకుంటే గాటు సుమారు 0.15 వస్తుంది. మామూలు బోర్డు మీద రాగి మందం 35 మైక్రాన్లు, కాబట్టి 0.1 లోతు చాలు. బోర్డు వంకర ఉంటే అదీ చాలదు, అందుకని సీఎన్‌సీని నడిపే క్యాండిల్‌లోనో బీసీఎన్‌సీలోనో హైట్ మ్యాప్ (బోర్డు ఎత్తుపల్లాల కొలత) తప్పకుండా తీయండి.

రెండోది, 3018లో ఉండే కంట్రోల్ ప్రోగ్రాం సాధారణంగా జీఆర్‌బీఎల్. అది ఎం6 టూల్ చేంజ్ ఒప్పుకోదు, జీ81 లాంటి డ్రిల్లింగ్ సైకిళ్ళూ ఒప్పుకోదు. ఫ్లాట్‌క్యామ్‌లో ప్రీప్రాసెసర్ దగ్గర జీఆర్‌బీఎల్ 11, ఎం6 లేనిది ఎంచుకుని, ఒక్కో డ్రిల్ సైజుకి ఒక్కో ఫైలు తీసుకుంటే గొడవ ఉండదు.

మూడోది, మిర్రర్. మిల్లింగ్‌లో రాగి మీకు ఎదురుగా ఉంటుంది. కాబట్టి కింది పొరను తప్పకుండా అద్దంలోలా తిప్పాలి, రంధ్రాలనూ అదే అక్షం మీద తిప్పాలి. డబుల్ సైడెడ్ టూల్ అని ఉంటుంది, అందులో చేసేయొచ్చు.

రాగిరేకు | మంగళవారం రాత్రి 9:15

వీ_బిట్ గారు చెప్పినదంతా సరైనదే, *ఈ బోర్డుకి తప్ప*.

ఇది మూడు ఫేజుల స్టార్టర్ బోర్డు. రిలే కాంటాక్టుల దగ్గర, ఫేజు సెన్స్ చేసే రెసిస్టర్ల దగ్గర ఫేజుకీ ఫేజుకీ మధ్య 415 వోల్టులు ఉంటాయి. ఐసొలేషన్ మిల్లింగ్‌లో ట్రాకు చుట్టూ సన్నని గాటు మాత్రమే పడుతుంది, మిగతా రాగి అంతా బోర్డు మీదే ఉండిపోతుంది. డిజైన్‌లో రెండు ఫేజుల మధ్య 8 మిల్లీమీటర్ల ఖాళీ వదిలినా, మిల్లింగ్ అయ్యాక ఆ ఖాళీలో పనికిరాని రాగి దిబ్బ కూర్చుని ఉంటుంది, దానికి అటూ ఇటూ 0.15 సందు. షెడ్లో తేమ, బూజు, చీమలు. ఒక్క రాగి పొట్టు అడ్డంపడితే చాలు. జర్బర్‌లో ఖాళీగా ఉన్నది బోర్డు మీద కూడా ఖాళీగా ఉండాలి. ఫార్మాట్ మారినప్పుడు పోయేది కొలతే అనుకుంటాం. డిజైనర్ వదిలిన ఈ ఖాళీ కూడా పోతుంది, ఏ సాఫ్ట్‌వేరూ హెచ్చరించదు.

మిల్లింగే చేయాలంటే ఫ్లాట్‌క్యామ్‌లో నాన్-కాపర్ క్లియరింగ్ ఉంది. హై వోల్టేజ్ భాగంలో మిగులు రాగి మొత్తం చెక్కేయాలి. దానికి పట్టే సమయంలో ఎచ్చింగే అయిపోతుంది. నా మాట వింటే ఈ బోర్డుకి టోనరే.

మిర్రర్ సంగతి: టోనర్‌కి కింది పొర తిప్పకూడదు. కాగితం రాగి మీద బోర్లా పడుతుంది కదా, ఆ పడటంలోనే తిరిగిపోతుంది. తెర మీద పేరు ఎలా తిరగబడి కనిపించిందో కాగితం మీద కూడా అలాగే తిరగబడి ఉండాలి. బోర్డు మీదకి ఎక్కాక సూటిగా చదవగలుగుతారు. ప్రింటు చేతిలోకి తీసుకోగానే అక్షరాలు చక్కగా చదవగలుగుతున్నారంటే ఆ కాగితం చించేయండి.

వీ_బిట్ | మంగళవారం రాత్రి 9:32

415 అన్నది నేను గమనించలేదు. రిలే వైపుకి క్లియరింగ్ లేకుండా మిల్ చేయొద్దు, ఒప్పుకుంటున్నా. కానీ రంధ్రాలు మాత్రం సీఎన్‌సీ మీదే వేయించండి, 40 పిన్నుల ఐసీకి చేత్తో వేస్తే వరస తప్పుతుంది.

కోఠి_గల్లీ | మంగళవారం రాత్రి 9:50

చేత్తో వేస్తే వరస తప్పడమేంది భయ్యా, ప్యాడ్ మధ్యలో చుక్క ఉంటే బిట్ దానంతటదే కూర్చుంటది. 😀

జర్బర్‌లో ఆ చుక్క ఉండదు, అదొక్కటే ఇబ్బంది. కీక్యాడ్‌లో అయితే పీడీఎఫ్ ప్లాట్ చేసేటప్పుడు డ్రిల్ మార్క్ చిన్నది పెట్టమంటే పెడుతుంది. జర్బ్‌వీలో ఇలా చేయండి: డీఆర్‌డీకి ఇంకో కాపీ తీసి, పైన టూల్ సైజులన్నీ 0.015కి మార్చండి. సోల్ నలుపు, దాని పైన ఈ డ్రిల్ కాపీ తెలుపు, బ్యాక్‌గ్రౌండ్ తెలుపు. ప్రతి ప్యాడ్ మధ్యలో సన్న చుక్క వచ్చేస్తుంది. ఎచ్చింగ్ అయ్యాక ఆ చుక్క దగ్గర రాగి పోయి గుంట పడుతుంది, బిట్ జారదు. అసలు సైజులున్న డీఆర్‌డీని సీఎన్‌సీకి ఉంచుకోండి.

డిప్లొమా_ఫైనల్ | మంగళవారం రాత్రి 10:40

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి సార్. నేను ఫ్రిట్జింగ్‌లో (ఇంకో బోర్డు డిజైన్ సాఫ్ట్‌వేర్) చేసిన బోర్డు ఎస్‌వీజీ బొమ్మగా తీసి, ల్యాబ్‌లో ఇంక్‌స్కేప్‌ (బొమ్మలు గీసే ప్రోగ్రాం)లో తెరిచి ప్రింట్ చేశాను. ఐసీ బేస్ ప్యాడ్ల మీద కూర్చోవడం లేదు. ఇంట్లో ప్రింట్ చేస్తే సరిగ్గా ఉంది. ఫైలు ఒకటే. ఏమై ఉంటుంది?

పిన్_ఒకటి | మంగళవారం రాత్రి 11:10

ఇంట్లో, ల్యాబ్‌లో ఇంక్‌స్కేప్ వెర్షన్లు వేరు కావచ్చు. 0.92కి ముందు ఇంక్‌స్కేప్ అంగుళానికి 90 పిక్సెళ్ళు అనుకునేది, ఆ తర్వాత 96. ఎస్‌వీజీలో సైజు మిల్లీమీటర్లలోనో ఇంచీలలోనో రాసి ఉంటే సమస్య లేదు. ఉత్త పిక్సెళ్ళలో ఉంటే ఏ లెక్కన గీశారో, ఏ లెక్కన తెరిచారో చూసుకోవాలి. 90 లెక్కన గీసినది 96 లెక్కన తెరిస్తే 6.25 శాతం కుంచించుకుపోతుంది. 8 పిన్నుల ఐసీకి తేడా కనిపించదు, బలవంతంగా గుచ్చేస్తాం. 40 పిన్నుల ఐసీలో మొదటి పిన్ను నుంచి ఇరవయ్యో పిన్ను దాకా 48.26 మిల్లీమీటర్లు ఉండాలి, అది 45.24 అవుతుంది. మూడు మిల్లీమీటర్లు, అంటే ఒక పిన్నుకంటే ఎక్కువ.

స్కేలు పెట్టి కొలిచి చెప్పు తమ్ముడూ. తేడా 6 శాతం దగ్గర ఉంటే కారణం ఇదే. వేరే అంకె వస్తే ప్రింటర్‌లో "ఫిట్ టు పేజ్" ఉండి ఉంటుంది. ఫ్రిట్జింగ్‌లో ఎచ్చబుల్ పీడీఎఫ్ అని నేరుగా ఉంది, దాన్ని వాడితే ఈ తలనొప్పి చాలావరకు తప్పుతుంది.

తెనాలి_వైండింగ్ | బుధవారం మధ్యాహ్నం 1:15

ఈ తమ్ముడి ప్రశ్న నాకూ పనికొచ్చింది. జర్బ్‌వీ నుంచి పీడీఎఫ్ తీసి ఇక్కడ జిరాక్స్ షాపులో గ్లాసీ పేపర్ మీద లేజర్ ప్రింట్ తీయించాను. 89సీ51 పెట్టి చూస్తే మొదటి పిన్ను ప్యాడ్ మీద ఉంది, చివరి పిన్ను రెండు ప్యాడ్ల మధ్యలో ఉంది. షాపతను "ఫుల్ పేజీకి వస్తే బావుంటుంది కదా సార్" అన్నాడు. మళ్ళీ "యాక్చువల్ సైజ్" పెట్టించి తీయిస్తే ఐసీ సరిగ్గా కూర్చుంది.

ఒక సందేహం. అతని దగ్గరి కంప్యూటర్ పీడీఎఫ్‌ని ఫొటోలా మార్చి ప్రింట్ చేస్తోంది. ట్రాకుల అంచులు కాస్త పళ్ళు పళ్ళుగా వచ్చాయి. పర్లేదా?

రాగిరేకు | బుధవారం మధ్యాహ్నం 1:50

మీ సన్నటి ట్రాకు 0.024 ఇంచీలు, అంటే 0.6 మిల్లీమీటర్లు. 300 డీపీఐలో కూడా దానికి ఏడు చుక్కల వెడల్పు వస్తుంది, పని జరుగుతుంది. అయినా బొమ్మగానే ఇవ్వాల్సి వస్తే మీరే 600 డీపీఐ పీఎన్‌జీ తీసి ఇవ్వండి, 95 మిల్లీమీటర్లకి సుమారు 2244 పిక్సెళ్ళు రావాలి. ఆ అంకె రాకపోతే స్కేలు ఎక్కడో మారినట్టే. జేపెగ్ మాత్రం వద్దు. అది నలుపు తెలుపుల అంచుల్లో బూడిదరంగు కలుపుతుంది. ఆ బూడిదరంగును ప్రింటర్ చిన్న చిన్న చుక్కలుగా వేస్తుంది, అక్కడ టోనర్ పలచబడి ఎచ్చింగ్‌లో రాగి కొరుక్కుపోతుంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అది కూడా జేపెగే. డాక్యుమెంట్‌గా పంపండి.

కోఠి_గల్లీ | బుధవారం సాయంత్రం 5:20

పాత మేగజీన్లలో వచ్చే సర్క్యూట్లకి కూడా ఇదే లెక్క. ఎలక్ట్రానిక్స్ ఫర్ యూలో పీసీబీ బొమ్మ యాక్చువల్ సైజులో ఇస్తారు. కొందరు దాన్ని స్కాన్ చేసి, ట్రేస్ చేసి, జర్బర్‌గా మార్చాలని తంటాలు పడతారు. టోనర్‌కి అక్కర్లేనే అక్కర్లేదు, 600లో స్కాన్, నలుపు తెలుపు, ప్రింట్. అక్షరం ఏ వైపు చదవగలుగుతున్నారో చూసుకోవాలి, అంతే. జర్బర్ కావలసింది ఫ్యాబ్‌కి ఇచ్చేటప్పుడే. అప్పుడు ట్రేస్ చేయడం కంటే దాన్ని వెనకాల బొమ్మగా పెట్టుకుని మళ్ళీ గీయడమే నయం. ట్రేస్ చేసిన ప్యాడ్ ఏదీ గుండ్రంగా ఉండదు, రంధ్రం నడిమి ఎక్కడో ఎవరికీ తెలియదు.

పిన్_ఒకటి | బుధవారం రాత్రి 7:00

తెనాలి గారూ, బీఆర్‌డీ గురించి కూడా ఓ మాట, రేపు అవసరం పడుతుంది. ఈగిల్ 6 నుంచి బీఆర్‌డీ ఎక్స్ఎంఎల్, అంటే చదవగలిగే టెక్స్ట్. కీక్యాడ్ ఇంపోర్ట్ చేసేది దాన్నే. మీది పిచ్చి గుర్తులతో ఉందంటే వెర్షన్ 5 లేదా అంతకంటే పాతది. ఈగిల్ 6 లేదా 7లో తెరిచి, సేవ్ చేస్తే కొత్త రూపంలోకి మారుతుంది. అక్కడి నుంచి కీక్యాడ్‌కి వెళ్ళొచ్చు. ఉచిత వెర్షన్‌కి 100 బై 80 మిల్లీమీటర్ల హద్దు ఉంది, మీ బోర్డు అందులో ఇముడుతుంది. ఈ పని వాయిదా వేయకండి. ఈగిల్‌కి 2026 జూన్ 7తో తెర దించుతామని ఆటోడెస్క్ 2023లోనే చెప్పింది. పాత ఇన్‌స్టాలర్లు ఎప్పటికీ దొరుకుతాయన్న నమ్మకం లేదు. ఎస్‌సీహెచ్, బీఆర్‌డీ రెండూ ఒకే ఫోల్డర్లో ఉంచి కలిపి మార్చండి, విడివిడిగా చేస్తే వాటి మధ్య లంకె తెగిపోతుంది.

జర్బర్‌ని కీక్యాడ్ జర్బర్ వ్యూయర్‌లో తెరిచి పీసీబీగా ఎగుమతి చేసే సదుపాయం కూడా ఉంది. కానీ వచ్చేది ఉత్త గీతలే. ఇది ఏ నెట్ (ఏ కనెక్షన్), ఇది ఏ రెసిస్టర్ అనేది ఉండదు. వండిన పప్పులోంచి కందులు ఏరినట్టే. ఎంతకీ వేరే దారి లేకపోతేనే అటు వెళ్ళండి.

తెనాలి_వైండింగ్ | గురువారం రాత్రి 8:45

బోర్డు ఎచ్ అయింది. ట్రాకులు బాగా వచ్చాయి, పేరు సూటిగా చదవగలుగుతున్నాం. రిలేల దగ్గర ఖాళీ 7 మిల్లీమీటర్లు కనబడుతోంది, అక్కడ రంపంతో స్లాట్ కోద్దామనుకుంటున్నా. రంధ్రాలకి స్నేహితుడి సీఎన్‌సీ రేపు దొరుకుతుంది. అతను ఫ్లాట్‌క్యామ్‌లో డీఆర్‌డీ తెరిస్తే రంధ్రాలు బోర్డు బొమ్మకి అద్దంలా ఉన్నాయట. రాగి పైకి పెట్టి వేస్తున్నాడు.

వీ_బిట్ | గురువారం రాత్రి 9:00

రాగి పైకి అయితే రంధ్రాలు తిప్పాల్సిందే. లేదా తిప్పకుండా రాగి కిందికి పెట్టి వేయమనండి. కానీ అప్పుడు చుక్కలు కనబడవు, రాగి అంచు కూడా లేచిపోతుంది. తిప్పేదే నయం. తిప్పాక ముందు బిట్ తిరగకుండా, జెడ్ 1 మిల్లీమీటరు పైన ఉంచి, ఐసీ మూలల్లోని ప్యాడ్ల మీదకి నడిపించి చూడమనండి. 1, 20, 21, 40 నాలుగూ కోఠి గారి చుక్కల మీదకి వస్తే మొదలుపెట్టొచ్చు. ఒకటి కుదిరి మిగతావి కుదరకపోతే బోర్డు వంకరగా బిగించినట్టు.

రాగిరేకు | గురువారం రాత్రి 9:20

స్లాట్ కోసేటప్పుడు ట్రాకు అంచు నుంచి మిల్లీమీటరైనా వదలండి. కోశాక స్లాట్ లోపల పొడి లేకుండా బ్రష్‌తో దులపండి. భాగాలు బిగించాక వెనక వైపు వార్నిష్ కొట్టండి, మీ షాపులో వైండింగ్ వార్నిష్ ఎలాగూ ఉంటుంది కదా. సరిచేసిన సోల్, డీఆర్‌డీ ఫైళ్ళని "ఆర్ఎస్-274ఎక్స్" అని పేరు పెట్టి అదే సీడీ పక్కన ఒక పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. ఫ్యాబ్‌కి ఇచ్చేటప్పుడు ఇవే చాలు, సోల్డర్ మాస్క్ ఫైలు మాత్రం మీ సీడీలో లేదు. బీఆర్‌డీ మార్చాక దాన్నుంచి తీయాలి.

డిప్లొమా తమ్ముడూ, కొలిచావా?

డిప్లొమా_ఫైనల్ | గురువారం రాత్రి 10:15

కొలిచాను మేడమ్. 45.2. ల్యాబ్‌లో 1.0 ఉంది, ఇంట్లో నా దగ్గర 0.91. రేపు ఎచ్చబుల్ పీడీఎఫ్ తీస్తాను.